ఆసుపత్రి విస్తరణ కోసం మా సందు మూసేస్తామంటున్నారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

కుళాయిసందు

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో ఒక మునిసిపాలిటీ. ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాయడం లేదు. రాస్తే రేపు పొద్దున కాఫీ టైముకల్లా ఎవరో ఒకరు మా గుమ్మంలో ఉంటారు. అంత చిన్న ఊరు.

మా సందుని కుళాయి సందు అంటారు. మొదట్లో మునిసిపల్ కుళాయి, దాని ముందు బిందెల వరస ఉండేవి. కుళాయి పోయి పదేళ్లు దాటింది, పేరు మాత్రం నిలిచింది. మా నాయనమ్మ దీన్ని ఇంకో పేరుతో పిలిచేది. పెరట్లో మరుగుదొడ్లు ఉన్న రోజుల్లో వాటిని ఎత్తడానికి వచ్చేవాళ్ల కోసం వదిలిన దారట ఇది. ఆ పేరు ఇప్పుడు మేమెవరం పలకం. ఈ పాత సంగతి ఎందుకు చెబుతున్నానంటే ఆసుపత్రి వాళ్ల వాదన మొత్తం దీని మీదే నడుస్తోంది. "అది రోడ్డు కాదండీ, పాతకాలం దొడ్డి సందు. దాని అవసరం ఎప్పుడో తీరిపోయింది" అంటున్నారు.

సందు మెయిన్ రోడ్డు దగ్గర మొదలవుతుంది. మొదటి 150 అడుగులు ఎడమ పక్క ఆసుపత్రి పాత బిల్డింగు, కుడి పక్క ఒకప్పటి బియ్యం గోడౌను. ఆ తర్వాత మా 11 ఇళ్లు. మా ఇళ్లు దాటి సన్నగా వెనక్కి వెళ్తే చేపల మార్కెట్ తగులుతుంది. రెండేళ్ల కిందట ఆసుపత్రి వాళ్లు గోడౌను కొని పడగొట్టారు. ఇప్పుడు సందుని కలుపుకుని రెండు పక్కలా ఒకే బిల్డింగు లేపుతారట. మాకు బదులుగా వెనక దారి ఉంది కదా అంటున్నారు. ఆ దారిన మెయిన్ రోడ్డుకి నా స్కూటీ మీటరు 700 మీటర్లు చూపించింది. స్కూటీ ఉన్నవాళ్లకి అదొక లెక్క కాదు. మా నాన్నకి 78 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి.

"ఎవరూ నడవని సందు" అని వాళ్లు అర్జీలో రాశారని తెలిసి నాన్నకి రోషం వచ్చింది. మరునాడు ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింటి దాకా మా మెట్ల మీద కూర్చుని నా స్కూలు నోట్సులో గీతలు పెట్టారు. అరగంటలో 64 మంది. అందులో 23 మంది పిల్లలు, మార్కెట్ వెనక నుంచి బడికి వచ్చేవాళ్లు. రెండు మేకలు కూడా రాశారు గానీ వాటిని నేను కొట్టేశాను.

నడక సంగతి అలా ఉంచినా సైడు కాలువ సంగతి నన్ను ఎక్కువ భయపెడుతోంది. మా ఇళ్ల నీళ్లన్నీ ఆ 150 అడుగుల వెంట పారి మెయిన్ రోడ్డు డ్రైనేజీలో కలుస్తాయి. మా వైపు నేల పల్లం. ఇప్పుడే గట్టి వాన పడితే నీళ్లు మా గడప దగ్గర గంటసేపు నిలుస్తాయి. ఆ కాలువ మీద పునాది పడితే ఇక చెప్పక్కర్లేదు. "లోపల పైపు వేస్తాం" అంటున్నారు. ఆ పైపు పూడితే తీసేదెవరు? వాళ్ల బేస్‌మెంట్‌లోకి వెళ్లి మేం తీయించాలా?

శ్రావణ మాసంలో ముందు నీలం రేకులు వచ్చాయి, పనులు జరుగుతున్నాయని. రేకులకి ఒక తలుపు వచ్చింది. తలుపు దగ్గర వాచ్‌మన్ వచ్చాడు. మొన్న రాత్రి అత్తగారింటి నుంచి వస్తుంటే నన్ను ఆపి "ఎవరింటికమ్మా?" అన్నాడు. ఆ సందులో పుట్టిన దాన్ని. కొత్త కుర్రాడు, అతని తప్పేం లేదు. కానీ ఇంటికి వెళ్లి అన్నం తినబుద్ధి కాలేదు.

ఇక మాలో మాకు పొత్తు కుదరడం లేదు. మూలింటి పిన్నిగారు పేషెంట్ల తాలూకు వాళ్లకి గదులు అద్దెకిస్తారు. ఎదురింటి బాబాయి గారబ్బాయి ఆసుపత్రి మందుల షాపులో పని చేస్తాడు. రామాలయానికి స్టీలు గ్రిల్లు ఆసుపత్రి వాళ్లే వేయించారు. పెద్ద డాక్టరు గారు చెడ్డవారని నేనూ అనలేను. నా కొడుకు అక్కడే పుట్టాడు, అర్ధరాత్రి ఆయనే స్వయంగా వచ్చారు. ఈ విస్తరణ వ్యవహారం అంతా వాళ్ల అల్లుడు గారు చూస్తున్నారు. అర్జీ రాసుకుని 11 ఇళ్లూ తిరిగితే సంతకం పెట్టింది మాతో కలిపి నాలుగిళ్లు.

వచ్చే కౌన్సిల్ మీటింగులో టేబుల్ ఎజెండాగా (ముందు జాబితాలో లేకుండా అప్పటికప్పుడు) పెట్టి పాస్ చేయించుకుంటారని వినికిడి. మునిసిపల్ సందుని ఇలా ఒకరికి ఇచ్చేయొచ్చా? మేం ముందు ఏ ఆఫీసుకి వెళ్లాలి? కోర్టు అంటే మా దగ్గర డబ్బూ ఓపికా రెండూ అంతంత మాత్రం. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత చైన్‌మన్

అమ్మా, నేను సర్వే శాఖలో చైన్‌మన్‌గా (కొలత గొలుసు పట్టేవాడిగా) చేరి సర్వేయరుగా రిటైరయ్యాను. ఇలాంటివి చాలా చూశాను. ముందు అర్జీ కట్టిపెట్టి కాగితాలు పోగు చెయ్యి. నోటిమాటకి నోటిమాటే జవాబు వస్తుంది.

మొదటిది టౌన్ సర్వే రిజిస్టరు. టౌన్ సర్వే జరిగిన ఊళ్లో ఇంటికి ఉన్నట్టే వీధికీ టి.ఎస్. నంబరు ఉంటుంది. మీ సందు నంబరు ఎదురుగా ఏం రాసి ఉందో దాని నకలు తీసుకో. అది దొడ్డి సందా రాజవీధా అన్నది కాదు ప్రశ్న. మునిసిపాలిటీదా, ఒక ఆసామీదా అన్నది ప్రశ్న.

రెండోది నాకు చాలా ఇష్టమైనది. గోడౌను కొన్న దస్తావేజులో చెక్కుబందీ చూడు. నాలుగు దిక్కుల హద్దుల్లో ఒకదాని దగ్గర "మునిసిపల్ సందు" అని ఉండి తీరాలి, లేకపోతే ఆ స్థలానికి హద్దే కుదరదు. అది వాళ్ల సొంత సంతకం ఉన్న కాగితం. వాళ్లు ఇవ్వరు, వాళ్లని అడగనక్కర్లేదు. స్థిరాస్తి దస్తావేజుల నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరైనా ఫీజు కట్టి తీసుకోవచ్చు, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ఆ వీలు ఇచ్చింది. ముందు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే దస్తావేజు నంబరు దొరుకుతుంది.

మూడోది సిమెంటు రోడ్డు. సందులో సీసీ రోడ్డు ఉంటే దానికి ఎస్టిమేటు, ఎం-బుక్ (కొలతల పుస్తకం) ఉంటాయి. ఎం-బుక్కులో ఎంత పొడవు ఎంత వెడల్పు పోశారో కొలతలు రాస్తారు. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడుగు, 30 రోజుల్లో ఇవ్వాలి. వీధి దీపం స్తంభం మీద నంబరు ఉంటే ఫోటో తీసిపెట్టుకో. ప్రజల డబ్బుతో రోడ్డు పోసి, దీపం పెట్టి, కాలువ తీసినదాన్ని రోడ్డు కాదనడం కష్టం.

ఇంకొకటి గమనించారో లేదో. వాళ్లకి కావలసింది ఆ 150 అడుగుల సందు ఒక్కటే కాదు. సందు మధ్యలో ఉన్నంతకాలం అవి రెండు స్థలాలు. దేనికి దానికి సందు వైపు కూడా సెట్‌బ్యాక్ (ఖాళీ జాగా) వదలాలి. సందు కలిస్తే రెండూ ఒకే స్థలం అవుతాయి. మధ్యలో వదలాల్సిన ఖాళీలు బిల్డింగులోకి వచ్చేస్తాయి. సందు 12 అడుగులు అనుకుంటే 200 గజాలు. దానికి అటూ ఇటూ కలిసొచ్చేది కూడా వేసుకుని చూడు, అల్లుడు గారికి అంత తొందర ఎందుకో తెలుస్తుంది.

చివరి మాట, కోపం తెచ్చుకోకు. సర్వే చేయమని అడిగితే గొలుసు ఆసుపత్రి గోడ దగ్గర ఆగదు. మీ ఇళ్ల మెట్లు, అరుగులు, బాత్‌రూములు ఎంత ముందుకొచ్చాయో ముందు మీరే టేపు పెట్టి చూసుకోండి. మీవాళ్లు సంతకం పెట్టకపోవడానికి రామాలయం గ్రిల్లు కారణం కాకపోవచ్చు.

నైట్‌డ్యూటీ

నేను వేరే ఊళ్లో నర్సుని. అందరూ ఒక పక్కే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో పక్క చెబుతాను. మా దగ్గర ఆపరేషన్ థియేటర్ ఒక బిల్డింగులో, స్కానింగ్ ఎదుటి బిల్డింగులో. మధ్యలో ఇలాంటి సందే. వానాకాలం స్ట్రెచర్ దాటించాలంటే ఒకరు గొడుగు, ఒకరు సెలైన్ బాటిలు పట్టుకుని నడవాలి. వెనక నుంచి బైకువాడు హారన్ కొడతాడు. ఒకసారి తలకి దెబ్బ తగిలిన ముసలాయన్ని తీసుకెళ్తుంటే గేదె అడ్డం పడుకుంది, లేవలేదు. అప్పుడు మాకు ఈ సందు ఎందుకు పూడ్చరో అనిపిస్తుంది.

మీ ఊళ్లో వెంటిలేటరు బెడ్డు లేక విజయవాడ తీసుకెళ్తూ దారిలో పోయినవాళ్లు ఎవరూ లేరా? కోవిడ్ అప్పుడు ఏం చేశారు? 11 ఇళ్లకి 700 మీటర్లు నడక కష్టమే, కాదనను. కానీ ఆ బిల్డింగు చుట్టుపక్కల పాతిక ఊళ్లకి పనికొస్తుంది. పూర్తిగా వద్దనకుండా మీకేం కావాలో అడగండి.

కుళాయిసందు

నైట్‌డ్యూటీ గారూ, మీ మాట నాకు గుచ్చుకుంది, అందుకే వెంటనే రాస్తున్నాను. కోవిడ్ రెండో వేవ్‌లో మా అమ్మ ఆ ఆసుపత్రి వరండాలోనే కుర్చీలో కూర్చుని ఆరు గంటలు బెడ్డు కోసం ఎదురు చూసింది. దొరకలేదు. కాబట్టి బెడ్లు వద్దని అనేది నేను కాను. స్ట్రెచర్ వానలో తడవకూడదు, నిజమే. దానికి నేల మీద సందు మొత్తం కావాలా? మొదటి అంతస్తు నుంచి ఇటు నుంచి అటు వంతెన వేసుకోవచ్చు కదా? కింద మేం నడుస్తాం, కాలువా పారుతుంది. అల్లుడు గారిని నేను అడిగాను. "ఖర్చు, పైగా ఎలివేషన్ పాడవుతుంది" అన్నారు.

పాత చైన్‌మన్

వంతెనకీ అనుమతి కావాలి, వీధి మీద గాలి కూడా మునిసిపాలిటీదే. కానీ అది బేరానికి పనికొచ్చే మాట. రాసి ఇవ్వు. "మేం అడ్డుపడటం లేదు, ఇదిగో దారి" అని కాగితం మీద ఉండటం మంచిది.

బార్‌రూమ్ టీ

మేడమ్, నేను సివిల్ ప్రాక్టీసులో ఉన్నాను. ఫీజు లేకుండా చెప్పగలిగినంత చెబుతాను.

పబ్లిక్ వీధి మునిసిపాలిటీ చేతిలో ఉంటుంది, నిజమే. కానీ ప్రజల తరఫున ఉంటుంది. ఇష్టం వచ్చినవారికి ఇవ్వడానికి అది చైర్మన్ గారి పెరడు కాదు. శాశ్వతంగా మూయాలంటే కౌన్సిల్ తీర్మానం, జనం అభ్యంతరాలు వినడం, పైనుంచి మంజూరు, ఇవన్నీ ఫైల్లో కనపడాలి. అందుకని ఈరోజే కమిషనర్‌కి మీ అభ్యంతరం రాసి, రిసీట్ నంబరు వేయించుకోండి. కాపీ కౌన్సిలర్లందరికీ చేతికివ్వండి. టేబుల్ ఎజెండాగా వచ్చినా "మా ముందు ఏ అభ్యంతరమూ లేదు" అని మినిట్స్‌లో రాయలేకపోవాలి. సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్‌ఎస్‌లో (ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) కూడా ఇవ్వండి, స్లిప్ దాచుకోండి.

ఇప్పటికే రేకులు, తలుపు, వాచ్‌మన్ అంటున్నారు కాబట్టి ఇంకో దారి ఉంది. పబ్లిక్ దారికి అడ్డం పెడితే తీయించమని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 133వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 152. ఆర్డీవో ఆఫీసులో కనుక్కోండి. 1980లో రత్లాం మునిసిపాలిటీ కేసు ఈ సెక్షన్ మీదే నడిచింది. అది మధ్యప్రదేశ్‌లో ఒక వార్డు జనం మురుగు కాలువల కోసం వేసిన కేసు. డబ్బులు లేవని మునిసిపాలిటీ తప్పించుకోలేదని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ఇచ్చారు. మీ కాలువ సంగతికి ఆ కేసు దగ్గరగా ఉంటుంది. అర్జీలో కాలువని మొదటి పేరాలో పెట్టండి, నడకని రెండో పేరాలో.

ఒక జాగ్రత్త. ఎవరైనా ప్లీడరు గారు "20 ఏళ్లుగా నడుస్తున్నారు కదా, ఈజ్‌మెంట్ వేద్దాం" అంటే ఆగండి. ఈజ్‌మెంట్ అంటే వేరొకరి స్థలంలో నాకు దారి హక్కు ఉందని అడగడం. అంటే స్థలం వేరొకరిదని మీరే ఒప్పుకుని మొదలుపెట్టినట్టు. మీది పబ్లిక్ వీధి కేసు. సివిల్ కోర్టుకి వెళ్లాల్సి వస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 91వ సెక్షన్ కింద ఇద్దరు కలిసి కోర్టు అనుమతితో వేయొచ్చు, ఒక్కొక్కరికీ సొంత నష్టం ఉందని చూపించాల్సిన పని కూడా లేదు. కాబట్టి నాలుగు సంతకాలే అని దిగులు పడకండి. రెండు చాలు.

చైన్‌మన్ గారన్న మెట్ల సంగతి సీరియస్. 12 ఏళ్లు అనుభవిస్తే మనదే అని అరుగుల మీద చెప్పుకునే మాట వీధి విషయంలో చెల్లదు. పబ్లిక్ వీధి తిరిగి తీసుకోవడానికి స్థానిక సంస్థకి లిమిటేషన్ చట్టం (కేసు వేసే గడువుల చట్టం) 30 ఏళ్లు ఇచ్చింది. అవతలి వకీలు మొదట ఫోటో తీసేది మీ మెట్లనే.

మల్కాజిగిరి బస్సు

మా వైపు, సికింద్రాబాద్‌లో, కంటోన్మెంట్ (సైన్యం ఉండే ప్రాంతం) రోడ్ల గొడవ చూసినవాణ్ణి కాబట్టి రెండు ముక్కలు. అక్కడ మూసేది ఆసుపత్రి కాదు, కారణం భద్రత. కానీ జనం అడిగింది మీరు అడిగేదే: మూసేముందు మాకు చెప్పారా? 2006 కంటోన్మెంట్ల చట్టం 258వ సెక్షన్‌లో వీధిని శాశ్వతంగా మూయాలంటే బహిరంగ నోటీసు ఇచ్చి అభ్యంతరాలు పిలవాలని ఉంది. దేశమంతా కాలనీలవాళ్లు ఆ ఒక్క వాక్యం పట్టుకున్నారు. 2018 మేలో రక్షణ శాఖ కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవమంది. సైనిక్‌పురి, నేరేడ్‌మెట్ వైపు వాళ్లు ఆ రోజు మిఠాయిలు పంచుకున్నంత పని చేశారు. తర్వాత మళ్లీ కొన్ని మూతలు, మళ్లీ అర్జీలు. అది వేరే కథ.

నాకు అర్థమైంది ఏంటంటే "మాకు కష్టం" అని ఎంతమంది అన్నా ఫైలు కదలదు. "మీ నోటీసు కాపీ చూపించండి" అంటే కదులుతుంది. ఇంకోటి, మీ నాన్నగారి లెక్క బంగారం. ఆపొద్దని చెప్పండి. తేదీ, టైము వేసి రాయమనండి. మేకలు కూడా ఉండనివ్వండి, రోజూ నడిచే దారి అని తెలుస్తుంది.

కుళాయిసందు

నెలన్నర తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఆలస్యానికి ఏమనుకోకండి, మధ్యలో త్రైమాసిక పరీక్షల పేపర్లు దిద్దుకోవాల్సి వచ్చింది.

చైన్‌మన్ గారూ, మీ నోట్లో పంచదార పొయ్య. గోడౌను దస్తావేజు నకలు వచ్చింది. పడమర హద్దు: "మునిసిపల్ సందు". అల్లుడు గారి సంతకం ప్రతి పేజీ కింద ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీదే నిలబడి మూడుసార్లు చదువుకున్నాను. సీసీ రోడ్డు 2011లో పోశారు, ఎం-బుక్కులో వెడల్పు మూడు మీటర్లు. టౌన్ సర్వేలో సందు మొత్తం 12 అడుగులు.

అభ్యంతరం కాగితం కమిషనర్ ఆఫీసులో ఇచ్చి నంబరు వేయించుకున్నాం. వంతెన సంగతి కూడా అందులో రాశాం. కౌన్సిలర్లకి ఇంటింటికీ తిరిగి ఇచ్చాను. ఒకాయన కాగితం తీసుకోకుండా టీ ఇచ్చి పంపారు. మీటింగులో ఆ అంశం వచ్చిందట, "సర్వే చేయించి తర్వాత పరిశీలిద్దాం" అని వాయిదా వేశారు. రేకులు అలాగే ఉన్నాయి, తలుపు మాత్రం ఇప్పుడు రాత్రి పూట కూడా తెరిచి ఉంటోంది. వాచ్‌మన్ కుర్రాడు నన్ను చూసి లేచి నిలబడుతున్నాడు, అది ఇంకో రకం ఇబ్బంది.

సర్వేయరు గురువారం వస్తాడు.

అందుకే ఆదివారం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నేనూ మా అబ్బాయీ టేపు పట్టుకున్నాం. సందు మొదట్లో 11 అడుగుల 4 అంగుళాలు. ఆసుపత్రి వాళ్ల జనరేటరు దిమ్మె తింటున్నది 8 అంగుళాలు. మా ఇంటి దగ్గర 8 అడుగుల 2 అంగుళాలు. ఎదురింటి బాబాయి గారి బాత్‌రూము గోడ అడుగు 7 అంగుళాలు ముందుకుంది. మా మెట్లు 2 అడుగుల 3 అంగుళాలు. అందరికంటే ఎక్కువ మేమే. అవి 2003లో నాన్న రిటైర్‌మెంట్ డబ్బుతో గచ్చు చేయించినవి.

సాయంత్రం బాబాయి గారింటికి వెళ్లి మా మెట్లు కొట్టించేస్తున్నానని చెప్పాను. మీ బాత్‌రూము సంగతి నేను ఎత్తను, మీ ఇష్టం అన్నాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత పెన్ను అడిగారు. మరునాడు ఇంకో రెండిళ్లు. మొత్తం ఏడు. పిన్నిగారు పెట్టలేదు, కనపడితే పలకరించడం కూడా మానేశారు.

మేస్త్రీ 1,800 అడిగాడు, చెత్త ఎత్తడంతో కలిపి. బుధవారం పొద్దున్నే రమ్మన్నాను. మెట్ల బదులు లోపలికి జరిపి ఇనప నిచ్చెన మెట్లు పెట్టొచ్చా, 78 ఏళ్ల మనిషి పట్టుకుని దిగడానికి ఏది నయం, ఎవరికైనా తెలిస్తే బుధవారం లోపు చెప్పండి. నాన్నకి ఇంకా చెప్పలేదు. ఇవాళ ఉదయం కూడా అక్కడే కూర్చుని లెక్క రాశారు, 71.